టచ్‌ప్యాడ్ మార్చే ముందు చూడాల్సినవి: బిగుసుకున్న క్లిక్, గెంతే కర్సర్, స్లీప్ తర్వాత పలకని ప్యాడ్

మీరు చెప్పినవి మూడు ఇబ్బందులు. ఛార్జర్ పెట్టినప్పుడల్లా కర్సర్ తనంతట తానే గెంతుతోంది. రెండు వారాలుగా ఎడమ క్లిక్ బిగుసుకుపోయి, గట్టిగా అదిమితే గానీ పడటం లేదు. స్లీప్ నుంచి లేపితే కొన్నిసార్లు టచ్‌ప్యాడ్ అసలు పలకదు, రీస్టార్ట్ చేస్తే వస్తుంది. నాలుగేళ్ల ల్యాప్‌టాప్, విండోస్ 11. షాపులో ప్యాడ్ మొత్తం మార్చాలన్నారు, మార్చమంటారా అని అడిగారు.

ఇప్పుడే మార్చకండి. ఈ మూడూ ఒకే చోట పుట్టినవి కావు. మొదటిది చాలావరకు కరెంటు సంగతి, రెండోది ప్యాడ్ కింద ఉన్న వస్తువు సంగతి, మూడోది డ్రైవర్ల (పరికరాలను విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రాముల) సంగతి. ప్యాడ్‌లో కదిలే భాగం ఒక్క స్విచ్చే. మిగతాదంతా పైన గాజు లేక ప్లాస్టిక్ పలక, దాని వెనక అతికించిన సర్క్యూట్ బోర్డు, ఒక చిప్. నీళ్లు పడితేనో, ఏదైనా మీద పడి పగిలితేనో తప్ప అది దానంతటది పాడవడం తక్కువ. డబ్బు పోసి కొత్త ప్యాడ్ వేయించినా, కారణం ఇంకోచోట ఉంటే కర్సర్ గెంతుతూనే ఉంటుంది.

ముందు క్లిక్ సంగతి చూడండి. మీరు దాన్ని రెండోదిగా చెప్పారు గానీ ప్రమాదం ఉన్నది అక్కడే.

ఈ కాలపు సన్నటి ల్యాప్‌టాప్‌లన్నింటిలో దాదాపుగా బ్యాటరీ ఉండేది అరచేతులు ఆనించే పలక కింద, అంటే టచ్‌ప్యాడ్‌కి సరిగ్గా అడుగున. లోపలివి అల్యూమినియం సంచిలాంటి పౌచ్ సెల్స్. పాతబడ్డాక, ముఖ్యంగా ఎప్పుడూ ఛార్జర్‌కి తగిలించి నూరు శాతం మీద, వేడిలో ఉంచితే, లోపలి ఎలక్ట్రోలైట్ అనే రసాయన ద్రవం విడిపోయి గ్యాస్ పుడుతుంది, సంచి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ప్యాడ్‌ని కింది నుంచి పైకి నెడుతుంది. క్లిక్ పడాలంటే ప్యాడ్ అర మిల్లీమీటరు లోపే అయినా కిందికి దిగాలి. దిగడానికి చోటు లేకపోతే బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది. ఉబ్బు ఇంకా పెరిగితే నొక్కకుండానే క్లిక్ పడిపోతూ, తాకని చోట ఫైళ్లు వాటంతటవే సెలెక్ట్ అవుతుంటాయి.

విప్పకుండానే దీన్ని పసిగట్టవచ్చు. ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, మూసి, గ్రానైట్ గట్టులాంటి చదునైన చోట పెట్టండి. నాలుగు రబ్బరు కాళ్లూ ఆనాలి. మూల మీద వేలు పెట్టి నొక్కితే ఊగితే అడుగు పలక ఉబ్బిందన్నమాట. మూత పూర్తిగా మూసుకుంటోందా, మధ్యలో సందు కనిపిస్తోందా చూడండి. తర్వాత మూత తెరిచి, ఒక స్టీలు స్కేలు అంచుని టచ్‌ప్యాడ్ మీద అడ్డంగా నిలబెట్టి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేయండి. ప్యాడ్ చుట్టుపక్కల పలకతో సమానంగా గానీ, ఓ వెంట్రుకవాసి కిందికి గానీ ఉండాలి. మధ్యలో స్కేలు ఎత్తుకుని, రెండు చివర్లలో వెలుతురు కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. మీ కేసులో ఎడమ క్లిక్ ఒక్కటే బిగుసుకుంది, కుడి బాగానే ఉంది అన్నారు. ఇది గట్టి ఆధారం. విడిగా బటన్లు లేని ప్యాడ్‌లలో సాధారణంగా స్విచ్ ఒక్కటే, కింది అంచు మధ్యలో ఉంటుంది. ఎడమా కుడీ అనేది వేలు ఏ వైపు ఉందో చూసి చిప్ తేల్చుకుంటుంది. స్విచ్ అరిగితే రెండు వైపులా ఒకేలా ఇబ్బంది రావాలి. ఒక వైపే బిగుసుకుందంటే ఆ వైపు ఏదో అడ్డు ఉంది: ఉబ్బిన సెల్, సందులో ఇరుక్కున్న చెత్త, లేదా వదులైన స్క్రూ.

ఉబ్బిందని తేలితే ఆ క్షణం నుంచి ఛార్జింగ్ పెట్టకండి. డేటా కాపీ చేసుకోవాలంటే ఉన్న ఛార్జ్ మీదే చేసుకుని ఆఫ్ చేయండి. ప్యాడ్‌ని అదిమి లోపలికి పంపే ప్రయత్నం వద్దు, సూది గుచ్చి గాలి తీసేయమనే సలహాలు అసలే వినకండి. లిథియం సెల్ పొర తెగితే మంట లేస్తుంది. ల్యాప్‌టాప్‌ని పరుపు మీదా, కర్ర బీరువాలోనూ కాకుండా గచ్చు మీద పెట్టండి. పాత బ్యాటరీని మున్సిపాలిటీ చెత్తబండిలో వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీదారులదే, కాబట్టి సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. కొత్త బ్యాటరీ వచ్చేదాకా చాలా మోడళ్లు బ్యాటరీ తీసేసి అడాప్టర్ మీదే నడుస్తాయి, కొన్ని వేగం తగ్గించుకుని నడుస్తాయి. ప్యాడ్ వంగకుండా ఉంటే, బ్యాటరీ మార్చగానే క్లిక్ దానంతటదే బాగవుతుంది. వేరే కంపెనీ బ్యాటరీ వేయిస్తే మందం చూసుకోండి. అసలుదాని కంటే ఏ మాత్రం లావైనా కొత్త బ్యాటరీతోనే మళ్లీ ఇదే క్లిక్ గొడవ వస్తుంది.

ఉబ్బు లేకపోతే రెండు చిన్న పనులున్నాయి. ఒకటి, ఆఫ్ చేసి ప్యాడ్ అంచు సందులో పలుచటి కాగితం (విజిటింగ్ కార్డు మరీ లావు, కొత్త నోటులాంటి కాగితం చాలు) దూర్చి చుట్టూ లాగండి. కారప్పూస ముక్కలు, గోరు ముక్కలు, జుట్టు బయటికొస్తాయి. రెండు, విప్పినప్పుడు ప్యాడ్ వెనక మధ్యలో చిన్న సర్దుబాటు స్క్రూ ఉందేమో చూడండి. అన్నిటిలో ఉండదు. ఉంటే పావు చుట్టు మాత్రమే తిప్పి, క్లిక్ చూసి, అవసరమైతే మళ్లీ పావు చుట్టు. ప్యాడ్ పై భాగంలో నొక్కితే క్లిక్ పడటం లేదని చాలామంది అడుగుతారు. ప్యాడ్ పై అంచు దగ్గర మడతబందులా బిగించి ఉంటుంది, కింది అంచే దిగుతుంది. అక్కడ గట్టిగా ఉండటం తయారీలోనే ఉన్న తీరు. మ్యాక్‌బుక్‌లు 2015 నుంచి ఫోర్స్ టచ్ ప్యాడ్‌కి మారాయి. వాటిలో క్లిక్ అనేది లోపలి అయస్కాంతం పుట్టించే అదురు మాత్రమే, ఆఫ్‌లో ఉన్నప్పుడు పలక కదలదు. అది చూసి పాడైందనుకోవద్దు.

ఈలోపు పని ఆగకుండా సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, అందులో టచ్‌ప్యాడ్, ట్యాప్స్ తెరిచి, ఒక వేలితో తడితే సింగిల్ క్లిక్, రెండు వేళ్లతో తడితే రైట్ క్లిక్ పడేలా టిక్ పెట్టుకోండి.

ఇక ఛార్జర్ పెట్టినప్పుడు గెంతే కర్సర్. ప్యాడ్ కింద సన్నటి తీగల గడి ఉంటుంది. వేలు దగ్గరికొచ్చినప్పుడు ఆ తీగల మధ్య కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణం) ఎంత మారిందో చిప్ సెకనుకు ఎన్నోసార్లు కొలుస్తుంది. ఆ మార్పు చాలా చిన్నది. అందుకే ల్యాప్‌టాప్ ఒంటి మీద విద్యుత్ అలజడి ఉంటే, వేలు ఎక్కడుందో చిప్‌కి తప్పుగా తెలుస్తుంది. ఈ అలజడి వచ్చేది అడాప్టర్ నుంచి. అడాప్టర్‌లో మెయిన్స్ వైపుకీ అవుట్‌పుట్ వైపుకీ మధ్య వై కెపాసిటర్లు అనే ఫిల్టర్ భాగాలు ఉంటాయి. వాటి ద్వారా అతి స్వల్ప కరెంటు ల్యాప్‌టాప్ బాడీకి చేరుతుంది. మూడు పిన్నుల అడాప్టర్ అయితే అది ఎర్త్ తీగ గుండా పోవాలి. ఎర్త్ లేకపోతే బాడీ మెయిన్స్ వోల్టేజీలో దాదాపు సగం దగ్గర తేలుతూ ఉంటుంది. మెటల్ బాడీ మీద మణికట్టు ఆనిస్తే జివ్వుమనేది ఇదే.

మన ఇళ్లలో ఇది ఎందుకు ఎక్కువంటే, గోడకు మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ తీగ ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో, అద్దె గదుల్లో, హాస్టళ్లలో పై రంధ్రానికి ఏ తీగా కలిపి ఉండదు. ఉన్నచోట కూడా ఎర్త్ గొయ్యి ఎండాకాలంలో ఎండిపోతుంది. పైగా మూడు పిన్నులను రెండు చేసే కన్వర్టర్లు, సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సులు.

పరీక్ష సులువు. కర్సర్ గెంతుతుండగా ఛార్జర్ పీకేయండి. వెంటనే ఆగిపోతే ప్యాడ్ నిర్దోషి. మళ్లీ పెట్టి, రెండో చేత్తో ల్యాప్‌టాప్ మీది ఏదైనా మెటల్ భాగం, ఉదాహరణకు యూఎస్‌బీ రంధ్రం అంచు, తాకి ఉంచండి. గెంతడం మారితే అది ఎర్త్ సమస్యేనని మరింత గట్టిపడుతుంది. తర్వాత కన్వర్టర్, ఎక్స్‌టెన్షన్ ఏదీ లేకుండా ఎర్త్ ఖాయంగా ఉన్న సాకెట్‌లో పెట్టి చూడండి. ఇళ్లలో సాధారణంగా ఏసీకో గీజర్‌కో వేసిన 16 ఆంపియర్ల సాకెట్‌కి ఎర్త్ వేసి ఉంటుంది. అందులో బాగుంటే మీ గది వైరింగ్ చూపించుకోవాలి. ఎలక్ట్రీషియన్ మీటర్ పెడితే ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టుల దరిదాపుల్లో, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. ఒక్క హెచ్చరిక: తేలిక పని అని సాకెట్‌లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్‌కి కలిపేసేవాళ్లున్నారు. ఒప్పుకోకండి. ఎక్కడైనా న్యూట్రల్ తీగ ఊడితే ఆ సాకెట్‌కి తగిలించిన ప్రతి వస్తువు బాడీకీ పూర్తి 230 వోల్టులు వస్తాయి. అప్పుడు పోయేది కర్సర్ కాదు.

ఎర్త్ సరిగానే ఉండీ గెంతితే అడాప్టర్ మీద అనుమానపడండి. ఒరిజినల్ కాని చవక అడాప్టర్లలో ఫిల్టర్ భాగాలు తగ్గించేస్తారు. అదే వాటేజీ ఉన్న ఇంకో ఒరిజినల్‌తో ఓ పూట వాడి చూస్తే తేలిపోతుంది. టైప్ సీ ల్యాప్‌టాప్‌ని ఫోన్ ఛార్జర్‌తో ఛార్జ్ చేసేవారికి ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే వాటికి ఎర్త్ పిన్నే ఉండదు. మరో కారణం, గతంలో ఎవరైనా విప్పి ఉంటే. ప్యాడ్ వెనక మెటల్ పలక నుంచి బాడీకి అల్యూమినియం లేక రాగి రేకు టేప్ ముక్క అతికించి ఉంటుంది. పనికిరాని స్టిక్కర్ అనుకుని పీకి పారేస్తుంటారు. అది ప్యాడ్‌కి గ్రౌండ్. పోయి ఉంటే, జిగురు వైపు కూడా కరెంటు పారే రకం రాగి టేప్ అంతే ముక్క కత్తిరించి అతికించాలి. మామూలు టేప్ పనికిరాదు.

ఛార్జర్ లేకపోయినా గెంతుతోందంటే దారి వేరు. చేతి చెమట, తలకు రాసుకున్న కొబ్బరినూనె వేళ్ల మీద మిగలడం, ఉక్కబోత రోజుల్లో పలక మీద పట్టే తేమ, ఇవన్నీ కెపాసిటెన్స్‌ని చెడగొట్టేవే. సముద్రం పక్క ఊళ్లలో వేసవి సాయంత్రాలు వచ్చే ఫిర్యాదుల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. మైక్రోఫైబర్ గుడ్డకి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చెమ్మ తగిలించి, ఆఫ్ చేసిన ల్యాప్‌టాప్ మీద ఒకే దిశలో తుడవండి. ద్రవం గుడ్డ మీద పోయాలి, ప్యాడ్ మీద కాదు. కొలిన్ లాంటి స్ప్రేలు అంచు సందులోంచి కిందికి దిగుతాయి. ప్యాడ్ మీద అలంకారానికి వేసిన మందపాటి స్టిక్కర్ ఉంటే తీసేయండి. టచ్ స్క్రీన్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే, తెర మీద పుట్టే దొంగ స్పర్శలే కర్సర్‌ని లాగుతుంటాయి, నింద టచ్‌ప్యాడ్ మోస్తుంది. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో (ఎలా తెరవాలో కింద చెప్పాను) హెచ్‌ఐడీ కంప్లయంట్ టచ్ స్క్రీన్‌ని డిసేబుల్ చేసి చూడండి. థింక్‌ప్యాడ్‌లలో కీబోర్డు మధ్య ఎర్ర బొడిపె కూడా కర్సర్‌ని ఓ పక్కకి జార్చేస్తుంది. అప్పుడు కొన్ని సెకన్లు దేన్నీ తాకకుండా వదిలేస్తే అది తనను తాను సరిచేసుకుంటుంది.

మూడోది, స్లీప్ తర్వాత పలకని ప్యాడ్. రీస్టార్ట్‌తో తిరిగొస్తోందంటే ప్యాడ్ బతికే ఉంది, దానితో మాట్లాడే దారి నిద్రలేవడం లేదు. పాత ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ పీఎస్ టూ అనే పాత తరం మౌస్‌లా కనిపించేది. ఇప్పటివి ఐటూసీ అనే రెండు తీగల బస్ (చిప్పులు మాట్లాడుకునే దారి) మీద ఉంటాయి. విండోస్ ముందు ఇంటెల్ లేక ఏఎండీ చిప్‌సెట్‌లోని ఐటూసీ కంట్రోలర్‌ని లేపాలి, అది లేచాకే దాని మీది ప్యాడ్ కనిపిస్తుంది. అందుకే టచ్‌ప్యాడ్ డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా ఫలితం ఉండదు. పాతబడింది దాని కింది మెట్టు డ్రైవర్.

ముందు మౌస్ తగిలించుకోండి. లేకపోతే కీబోర్డుతోనే నడిపించవచ్చు: విండోస్ కీతో ఎక్స్ నొక్కి, తర్వాత ఎం నొక్కితే డివైస్ మేనేజర్ తెరుచుకుంటుంది. ట్యాబ్, బాణం గుర్తులతో కదలండి, కుడి బాణంతో కొమ్మ విప్పుకుంటుంది, షిఫ్ట్ ఎఫ్ 10 నొక్కితే రైట్ క్లిక్ మెనూ వస్తుంది. ప్యాడ్ పలకని సమయంలోనే ఇది తెరవాలి, బాగున్నప్పుడు చూస్తే ఏమీ కనిపించదు. హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్ కింద ఐటూసీ హెచ్‌ఐడీ డివైస్ ఉందా? దాని మీద పసుపు త్రికోణం ఉంటే ప్రాపర్టీస్ తెరవండి. కోడ్ 10 అని ఉంటే, విండోస్ పిలిచింది, ప్యాడ్ జవాబివ్వలేదు. ఆ వరుసే లేకపోతే, వ్యూ మెనూలో డివైసెస్ బై కనెక్షన్ ఎంచుకుని ఐటూసీ కంట్రోలర్ ఉందో లేదో చూడండి. కంట్రోలర్ దగ్గరే త్రికోణం ఉంటే, లేదా అదర్ డివైసెస్‌లో పేరు లేని వరుసలుంటే, చిప్‌సెట్ డ్రైవర్లు లేనట్టే.

ఇంటెల్ ప్రాసెసర్ అయితే కావాల్సినవి చిప్‌సెట్ డ్రైవర్, సీరియల్ ఐఓ డ్రైవర్. ఏఎండీ అయితే చిప్‌సెట్ ప్యాకేజీలోనే ఐటూసీ, జీపీఐఓ రెండూ వస్తాయి. ఇవి మీ ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ సీరియల్ నంబర్ కొట్టి తీసుకోవాలి. డ్రైవర్ అప్‌డేటర్ పేరుతో దొరికే ప్రోగ్రాములు వేయకండి. వరుస ముఖ్యం: చిప్‌సెట్, సీరియల్ ఐఓ, రీస్టార్ట్, ఆ తర్వాతే టచ్‌ప్యాడ్ డ్రైవర్, అదీ సైట్‌లో ఉంటేనే. ప్రెసిషన్ టచ్‌ప్యాడ్ అని సెట్టింగ్స్‌లో కనిపించేవాటికి విండోస్‌లోని డ్రైవరే సరిపోతుంది. బయాస్ (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) అప్‌డేట్ ఉంటే అది కూడా వేయండి, బ్యాటరీ సగానికి పైగా ఉండి అడాప్టర్ పెట్టి ఉన్నప్పుడు మాత్రమే. ఉబ్బిన బ్యాటరీతో మాత్రం వద్దు. స్లీప్ నుంచి లేవని జబ్బులు కొన్ని బయాస్ అప్‌డేట్‌తో నయమవుతాయి. కొత్తగా విండోస్ వేసుకున్నాక టచ్‌ప్యాడ్ కనిపించట్లేదనేవారికీ మందు పైన చెప్పిన చిప్‌సెట్ డ్రైవర్లే.

ఆపైన ఐటూసీ హెచ్‌ఐడీ డివైస్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదా కోసం దీన్ని ఆపేయవచ్చు అన్న టిక్ తీసేయండి. కొన్నిటిలో ఆ ట్యాబే ఉండదు, వెతుక్కోకండి. ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ కెర్నల్, డ్రైవర్ల స్థితి డిస్క్ మీద దాచి మళ్లీ అదే తెస్తుంది, తప్పుతో సహా. షట్‌డౌన్‌తో పోని ఇబ్బంది రీస్టార్ట్‌తో పోవడానికి కారణం ఇదే. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే నిజంగా ఆగుతుంది.

కోడ్ 10 వదలకపోతే ప్యాడ్ చిప్ ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది, దానికి కరెంటు పూర్తిగా తెంచాలి. డివైస్ మేనేజర్‌లో ఐటూసీ హెచ్‌ఐడీ డివైస్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, షిఫ్ట్‌తో షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు పట్టుకోండి. కొన్ని లెనోవో, ఏసర్ మోడళ్లకి అడుగున గుండుసూది పట్టే రీసెట్ రంధ్రం ఉంటుంది, అందులో క్లిప్ పెట్టి కొన్ని సెకన్లు నొక్కండి. తర్వాత ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. ఏసర్ వారికి ఇంకో సదుపాయం ఉంది. ఆన్ చేయగానే ఎఫ్ 2 నొక్కి బయాస్‌లోకి వెళ్తే, చాలా మోడళ్లలో మెయిన్ పేజీలో టచ్‌ప్యాడ్ అనే వరుస కనిపిస్తుంది: అడ్వాన్స్‌డ్ అంటే ఐటూసీ, బేసిక్ అంటే పాత పీఎస్ టూ. బేసిక్‌లో మూడు వేళ్ల సైగలు పోతాయి గానీ డ్రైవర్ లేకపోయినా కర్సర్ నడుస్తుంది.

తప్పు విండోస్‌దా, పరికరానిదా అని తేల్చుకోలేకపోతే 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అని బూట్ చేయండి. అందులో కర్సర్ బాగా కదిలి, రెండు వేళ్ల స్క్రోల్ కూడా పనిచేస్తే, విప్పాల్సిన అవసరం లేదు. అందులోనూ లేకపోతే కేబుల్ చూడాలి. షాపు వాళ్లు మొదట చేయాల్సిన పరీక్ష ఇదే, పది నిమిషాలు పడుతుంది.

విప్పడానికి పీహెచ్ 0 (చిన్న ప్లస్ కొన) స్క్రూడ్రైవర్, పాత ఏటీఎం కార్డు, ప్లాస్టిక్ చిమటా, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది ఊడని బడ్స్ చాలు. కొన్ని మోడళ్లకి అడుగు స్క్రూలు టీ 5 టార్క్స్ (ఆరు కోణాల నక్షత్రం) రకం. రబ్బరు కాళ్ల కింద కూడా స్క్రూలు దాగి ఉంటాయి. అన్నీ తీశాక కూడా అడుగు పలక రాకపోతే బలవంతం చేయకుండా అక్కడ చూడండి. స్క్రూల పొడవులు వేరువేరుగా ఉంటాయి, కాబట్టి కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి ఏ స్క్రూ ఏ చోటిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి. పొడవాటిది పొట్టిదాని రంధ్రంలో బిగిస్తే అరచేతి పలక పైకి పొడుచుకొస్తుంది, ఒక్కోసారి ప్యాడ్ బోర్డునే చీల్చేస్తుంది. పలక తీయగానే బ్యాటరీ కనెక్టర్ విడదీయండి, తీగలు పట్టి లాగకుండా ప్లాస్టిక్ కొన పట్టి. థింక్‌ప్యాడ్‌లలో విప్పే ముందే బయాస్‌లో పవర్ పేజీకి వెళ్లి బిల్ట్ ఇన్ బ్యాటరీ డిసేబుల్ చేసే వీలుంది.

ప్యాడ్ నుంచి మదర్‌బోర్డుకి పోయే చదును రిబ్బన్ కేబుల్ రెండు చివర్లా తాళం ఉన్న కనెక్టర్‌లో కూర్చుంటుంది. తాళం రెండు రకాలు. ఒకటి నల్లటి లేక తెల్లటి రెప్పలాంటిది, గోరుతో నిలువుగా పైకి లేపాలి. రెండోది జారుడు రకం, రెండు చెవులనూ ఒక్క మిల్లీమీటరు బయటికి లాగాలి. ఏ రకమో గుర్తించకుండా కేబుల్ పీకితే తాళం విరుగుతుంది, ఆ కనెక్టర్ మార్చడమంటే మైక్రోస్కోప్ కింద పని. కేబుల్ బయటికి తీసి కాంటాక్టులు చూడండి. నల్లగా, పచ్చగా చిలుము పట్టి ఉంటే బడ్‌కి ఆల్కహాల్ తగిలించి ఒకే దిశలో తుడవండి. రబ్బరుతో రుద్దే అలవాటు మానండి, బంగారు పూత చాలా పలుచన. మడత పడ్డ చోట గీతలా తెల్లబడి ఉంటే లోపలి తీగ తెగి ఉండవచ్చు. తిరిగి పెట్టేటప్పుడు కాంటాక్టులు ముందు ఉన్న వైపుకే చూడాలి, కేబుల్ మీది గీత కనెక్టర్ అంచుకి సమాంతరంగా ఉండాలి. వంకరగా కూర్చుంటే ఓ రోజు పనిచేసి ఓ రోజు మానేస్తుంది.

కేబుల్ కొనాల్సి వస్తే నాలుగు సంగతులు చూసుకోండి: ఎన్ని పిన్నులు, పిన్నుల మధ్య దూరం, పొడవు, రెండు చివర్ల కాంటాక్టులు ఒకే వైపా ఎదురు వైపులా. దూరం కొలవడానికి కిటుకు ఉంది. ఈ కేబుళ్ల వెడల్పు, పిన్నుల సంఖ్యకు ఒకటి కలిపి దూరంతో గుణిస్తే వచ్చేదే. ఎనిమిది పిన్నుల కేబుల్ వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లుంటే అర మిల్లీమీటరు రకం, తొమ్మిది ఉంటే ఒక మిల్లీమీటరు రకం. కేబుల్ మీద అచ్చు వేసిన ఏడబ్ల్యూఎం 20624 80సీ 60వీ అన్నది చూసి అదే నంబర్‌తో వెతుకుతుంటారు. అది ఇన్సులేషన్ ప్రమాణం, వేల రకాల కేబుళ్ల మీద అదే ఉంటుంది.

ఇవన్నీ చూశాక కూడా ప్యాడ్ పలకకపోతే, పగుళ్లు కనిపిస్తే, నీళ్ల మరక ఉంటే అప్పుడు ప్యాడ్ మార్చండి. మోడల్ పేరు చెప్పి తెప్పించకండి. ఒకే మోడల్‌లో ఒక బ్యాచ్‌కి సినాప్టిక్స్, ఇంకో బ్యాచ్‌కి ఇలాన్ ప్యాడ్‌లు వేసి ఉంటారు, కేబుల్ అమరిక వేరు కావచ్చు. ప్యాడ్ వెనక చీటీ మీది నంబర్ పట్టుకోండి: హెచ్‌పీ స్పేర్ నంబర్లు 001తో ముగుస్తాయి, డెల్‌వి ఐదు అక్షరాలవి, లెనోవోవాటికి ఎఫ్ఆర్‌యూ అని ఉంటుంది. సికింద్రాబాద్ పారడైజ్ దగ్గరి కంప్యూటర్ విడిభాగాల మార్కెట్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెతికేటప్పుడు పాత ముక్కని చేత్తో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి పోల్చుకోండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ప్యాడ్ నాలుగు నుంచి ఎనిమిది చిన్న స్క్రూలతో వస్తుంది, అరగంట పని. కొన్నిటిలో జిగురుతో అతికించి ఉంటుంది, ఇంకొన్నిటిలో అరచేతి పలకతో కలిపే అమ్ముతారు, అప్పుడు కీబోర్డు కూడా ఊడదీయాలి కాబట్టి కూలి రెట్టింపు అడుగుతారు. బిగించేటప్పుడు స్క్రూలన్నీ సగం సగం వేసి, ప్యాడ్ చుట్టూ సందు సమానంగా వచ్చేలా సర్ది, ఆ తర్వాతే పూర్తిగా తిప్పండి. ఒక మూల ముందే బిగించేస్తే ఆ వైపు క్లిక్ మళ్లీ బిగుసుకుంటుంది.